బొమ్మలలో బరువు మోసేవారు

అక్షరజ్ఞానం లేని శిశువు సయితం బొమ్మను చదువుతాడు. అందుచేత పిల్లల పుస్తకంలో బొమ్మ కథకు అలంకారం మాత్రమే కాదు. అది మరొక పాఠం. ఒక ఊరిలో ఒక జమీందారు ఉండేవాడని రచయిత ఒక్క వాక్యంతో సరిపెట్టవచ్చు. చిత్రకారునికి ఆ వెసులుబాటు లేదు. జమీందారు ఎక్కడ కూర్చున్నాడు, రైతు ఎక్కడ నిలుచున్నాడు, ఎవరి కాళ్లకు చెప్పులున్నవి, ఎవరి పైపంచె భుజం దిగి నడుముకు చేరింది, ఇవన్నీ అతడు తేల్చి తీరవలె. సంఘం నోరు విప్పి చెప్పని సంగతులు ఇట్లా బొమ్మలోకి దిగుతవి.

1947 జూలైలో మద్రాసునుండి వెలువడనారంభించిన 'చందమామ'నే తీసుకొందాం. శవాన్ని భుజాన వేసుకొని శ్మశానంలో నడిచే విక్రమార్కుని శంకర్ గారు చిత్రించారు. పల్లకీలో ఊరేగవలసిన రాజు తానే బరువు మోస్తున్నాడు. ఏలికకు మోత తప్పదనే నీతి ఆ బొమ్మలో ఉన్నది.

ఆ పత్రికలోనే దాసరి సుబ్రహ్మణ్యంగారి సాహసగాథలకు చిత్రా గారు వేసిన కొండలూ గుహలూ కీకారణ్యాలూ బాలలను ఎంతగానో మురిపించినవి. అయితే మన జానపద కథల బొమ్మలలో అడవి తరచు రాకుమారుడు దాటిపోయే దారి మాత్రమే. అక్కడి మనిషి ఈకల తలపాగాతో, బల్లెంతో పొదచాటునుండి వచ్చి, కథ ముగిసేసరికి మాయమౌతాడు. మైదానపు బాలునికి అది వినోదం. అరకులోయ బాలునికి అది తన ఊరు. అతని తండ్రి ఈకలు ధరించడు. అడ్డాకుల మోపుతో, పసుపు కావడితో సంతకు నడుస్తాడు. ఆ మోత ఆ బొమ్మలలో కనబడదు.

మోత అంటే ఏమిటో ఈ కొండలకు బాగా తెలుసు. నర్సీపట్నం, లంబసింగి రోడ్డు పనికి చాలీచాలని కూలితో కొండవారిని తోలిన అన్యాయం 1922-24 మన్యం తిరుగుబాటుకు ఒక కారణం. ఇక కొండవారు అధికారిని ఏ కంటితో చూశారో తెలియవలెనంటే సవరల గోడచిత్రాలు చూడవలె. ఇవే తూర్పు కనుమలలో మరికొంత ఉత్తరాన, గంజాం, కోరాపుట్ కొండలలో వాటిని పరిశీలించి వెరియర్ ఎల్విన్ 1951లో గ్రంథస్థం చేశాడు. ఎర్రమట్టి గోడపై బియ్యపు పిండితో గీసిన ఆ చిత్రాలలో దేవతలు గుర్రమెక్కి, తుపాకులు ధరించి, గొడుగు పట్టించుకొని దొరలవలె వెళుతుంటారు. పర్యటనకు వచ్చే దొరకు సవరల దేవగణంలో ఒక పేరే ఉన్నది. దేవుని రూపం గీయబోయి, తాము భయపడిన మనిషి రూపం గీశారు! ఇంతకంటె పదునైన సంఘవిమర్శ ఏ పుస్తకంలో ఉన్నది?

సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పవలెనని గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఆనాడే పుస్తకాలు వ్రాశారు. ఆ ఆశయం మన రాష్ట్రంలో 2004లో మళ్లీ చిగిర్చింది. సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా మొదలైన ఎనిమిది గిరిజన భాషలలో వాచకాలు తయారు చేసే పథకం అప్పుడు ఆరంభమైనది. పోడు, సంత, పండుగ పాఠాలైనవి. తన ఇంటిని పుస్తకంలో చూసుకొనే హక్కు ఆ బాలునికి కొంత దక్కింది.

ఉపాధ్యాయ సోదరులకు ఒక మనవి. పాఠానికి ముందు బొమ్మ చూపి మూడు ప్రశ్నలు అడగండి. ఎవరు కూర్చున్నారు? ఎవరు మోస్తున్నారు? ఈ బొమ్మలో ఎవరు లేరు? మూడవ ప్రశ్నకు జవాబు తెలిసినవాడు ఒకవేళ వెనుక వరుసలో మౌనంగా ఉన్న కొండపిల్లవాడే కావచ్చు. అతణ్ణి పిలిచి సుద్దముక్క చేతికివ్వండి.