పాపికొండల దారిలో… విశేషాలు

మాల్దీవుల్లోనో అండమాన్‌లోనో పడవెక్కి, ముక్కుకూ కళ్లకూ తొడుగు పెట్టుకుని, నీటి అడుగున పగడపు దిబ్బలు చూసొచ్చేవాళ్లు మనలోనూ పెరిగారు. గోదావరిలో ఆ పని కుదరదు. ఒండ్రు కలిసిన నీళ్లలో మూరెడు లోతు కూడా కనబడదు. ఇక్కడ చూడాల్సినదంతా ఒడ్డునే ఉంది.

భద్రాచలం వైపు నుంచి వెళ్లేవాళ్లు లాంచీ ఎక్కేది పోచవరం రేవులో. ఈ ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా. ఆ ఏడాది ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలతో పాటు మళ్లీ తూర్పు గోదావరికి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు వెళ్లింది. అరవై మూడేళ్లలో ఊరు ఒక్క అడుగు కదలకపోయినా కాగితాల మీద ఇన్ని చిరునామాలు మారింది. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలోనే ఉండిపోయింది.

రేవుకు వెళ్లే దారిలోనే కూనవరం. ఒడిశా కొండల్లో కొలాబ్‌గా పుట్టిన శబరి గోదావరిలో కలిసేది అక్కడే. గోదావరి పొంగితే శబరి ముందుకు పోలేక వెనక్కి ఎగదన్నుతుంది. కూనవరం, చింతూరు నీట మునిగేది చాలాసార్లు అందుకే. భద్రాచలంలో మట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో మళ్లీ 71 దాటింది.

రాజమహేంద్రవరం దగ్గర కిలోమీటర్ల వెడల్పున పరుచుకునే నది పాపికొండల మధ్య సన్నని కనుమలో ఒదిగి పారుతుంది. తూర్పు కనుమలను కోసుకుంటూ సముద్రం వైపు దారి చేసుకున్న చోటు ఇది. ఇంగ్లిషువాళ్లు వీటిని అడవిదున్నల కొండలన్నారు. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940ల మొదట్లో ఇక్కడి కొండరెడ్ల మధ్య ఉండి పరిశోధన చేశారు. 1945లో ఆయన వాళ్ల గురించి రాసిన పుస్తకం పేరులో ఈ దున్నల కొండలే ఉన్నాయి. పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానవనమయ్యాయి.

కొండరెడ్ల మాతృభాష తెలుగే. పక్కనే ఉండే కోయల సొంత భాష కోయ. కొండరెడ్లు పోడు చేస్తారు, వెదురు అల్లుతారు. గింజలు నిండుకున్న రోజుల్లో మామిడి టెంకల పప్పును నానబెట్టి, చేదు పోగొట్టి, అంబలి కాచుకుని గడిపారు. జీలుగు చెట్టు కల్లే కాదు, దాని మానులోని పిండీ ఆకలి తీర్చింది. యాత్రికులు ఎగబడే బొంగు చికెన్ కంటే ఈ అంబలి గురించి మనం ఎక్కువ తెలుసుకోవాలని నా కోరిక.

లాంచీలు ఆగే పేరంటపల్లిలో బాలానంద స్వామి సుమారు నూరేళ్ల కిందట నెలకొల్పిన శ్రీరామకృష్ణ మునివాటం, శివాలయం ఉన్నాయి. గుడి దగ్గర కొండవాళ్లు వెదురు పూలు, బుట్టలు అమ్ముతారు. కొనండి, బేరమాడకండి.

బాపు ‘అందాల రాముడు’ (1973), శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006) రెండూ భద్రాచలానికి సాగే పడవ కథలే. అంతకు నూరేళ్ల ముందే కాటన్ దొర వార్ధా లోయ పత్తిని ఈ నది మీదుగా సముద్రానికి చేర్చాలని కలగన్నాడు. రాళ్లు అడ్డొచ్చే దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, పడవలు దాటే లాకులు కట్టారు. ఖర్చు పెరిగి, 1871లో పథకాన్ని వదిలేశారు. పర్ణశాల వెళ్లేవాళ్లు దారి మళ్లి ఆ ఆనకట్ట చూడొచ్చు.

2019 సెప్టెంబరు 15న, నది వరద మీద ఉండగా, కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. ప్రాణాలతో మిగిలింది 26 మంది. తమ పడవలతో ముందుగా చేరి వాళ్లను గట్టుకు చేర్చినవాళ్లు తూటుగుంట గ్రామస్థులు. బోటులో లైఫ్ జాకెట్ ఇస్తే ఫొటో దిగి తీసేయకుండా ఒడ్డు చేరేదాకా ఉంచుకోండి.

పోలవరం ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. జలాశయం నిండితే లాంచీలో నుంచి కనబడే ఊళ్లలో చాలా వాటి మీదుగా నీళ్లు నిలుస్తాయి. దేవీపట్నం వైపు ఊళ్లు ఇప్పటికే ఖాళీ అయ్యాయి. వెళ్లాలనుకునేవాళ్లు వరద తగ్గిన చలికాలంలోనే వెళ్లండి, ఆలస్యం చేయకండి.