వాన, గొంగడి, బొంబాయి

దాదర్‌లోనో నాయిగావ్‌లోనో మీ చాల్ గదిలో, ట్రంకుపెట్టె అడుగున ఊరి నుంచి తెచ్చిన నల్ల గొంగడి ఉంటే బయటికి తీయండి. దాని మీద ఒక నీటిచుక్క వేయండి. వెంటనే ఇంకదు. కాసేపు గుండ్రంగా నిలబడి, గొంగడి వంచితే జారిపోతుంది. గొర్రె వెంట్రుక పైన ఇంటికప్పు పెంకుల్లా ఒకదాని మీదొకటి పొలుసులుంటాయి. వాటి మీద కంటికి ఆనని కొవ్వు పూత. నీటికి అక్కడ పట్టు దొరకదు.

తమాషా ఏమిటంటే, చుక్కను రానివ్వని ఆ వెంట్రుకే ఆవిరిని మాత్రం లోపలికి లాక్కుంటుంది. లోపలున్న కెరాటిన్ అనే ప్రోటీన్‌కు నీరంటే అంత ఇష్టం. తన బరువులో దాదాపు 30 శాతం తేమ పీల్చుకున్నా చేతికి తడి తగలదు. ఎముకలా ఎండిన 2 కిలోల గొంగడి ఒకటి ఉందనుకుందాం. బొంబాయి జూలై ముసురులో అది అర లీటరు దాకా నీళ్లు గుట్టుగా దాచుకోగలదు. అంతే బరువున్న పాలిస్టర్ దుప్పటికి ఒకటి రెండు చెంచాలకు మించి చేతకాదు.

ఇలా తేమ తాగేటప్పుడు ఉన్ని వేడిని విడుదల చేస్తుంది. ముసురు రాత్రి మంద దగ్గర పడుకునే కురుమ తాత గొంగడి వెచ్చగా ఉంటుందంటే వట్టి మాట కాదు. కాకపోతే ఆ వేడి తేమ ఎక్కుతున్నంతసేపే. ఆరేటప్పుడు ఉన్ని ఆ అప్పు తిరిగి వసూలు చేసుకుంటుంది.

ఉన్నిని తూకానికి అమ్ముతారు. మరి నీళ్లను కూడా ఉన్ని ధరకే కొనాలా? ఆ పేచీ రాకుండానే వ్యాపారంలో నమూనాను పూర్తిగా ఆరబెట్టి, దానికి సుమారు 16 శాతం తేమ కలిపి లెక్క కడతారు. పత్తికి ఈ లెక్క 8.5 శాతమే.

పత్తి మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. తడిస్తే నూలు దారం బలపడుతుంది, ఉన్ని దారం బలహీనపడుతుంది. గాలిలో తేమ ఉంటే మగ్గం మీద నూలు తక్కువ తెగుతుంది. 1850ల నుంచి బొంబాయిలో నూలు మిల్లులు అన్ని వెలిసినందుకు రేవు, రైలుతో పాటు ఈ ఉక్కగాలి కూడా ఒక కారణం. దాదర్ కోహినూర్ మిల్లు లాంటి చోట్ల చెమటలు కక్కిన మన పద్మశాలీలను అడిగితే, ఆ గాలి దారానికే హాయి అనేవారేమో!

మళ్లీ గొంగడి దగ్గరికి వస్తే, బొంబాయిలో కామాఠీపురాకు పేరిచ్చిన కామాఠీలు నిజాం ఇలాకా నుంచి కూలికి వచ్చినవాళ్లు. అదంతా గొంగడి దేశమే. దక్కనీ గొర్రె ముతక ఉన్నిని వడికి, పడుగుకు చింతగింజల అంబలి పట్టించి గుంటమగ్గం మీద నేస్తారు. వాన వస్తే గొంగడినే కొప్పెరగా మడిచి తల మీదుగా వేసుకుని పొలం పని కానిచ్చేస్తారు. పాలమూరు జల్లుకు అది చాలు. కానీ బొంబాయి వాన వేరు. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు కురిసింది. పాలమూరులో ఏడాదంతా కలిపినా అంత పడదు. అంత వానలో పెంకులూ కొవ్వు పూతా ఏం ఆపుతాయి? ఎక్కడ వేసిన గొంగడి అక్కడే అన్న సామెత అప్పుడు అక్షరాలా నిజం. తడిసి ముద్దయిన దాన్ని ఎత్తడానికి ఇద్దరు కావాలి.

అన్నట్టు, గొంగడికి ఉన్ని ఇచ్చేది దక్కనీ గొర్రె. నెల్లూరు గొర్రెకు ఉన్నే ఉండదు, ఉన్నది పొట్టి వెంట్రుకలు. మాంసానికి దాన్నే మేపుతూ పోతే గొంగడికి ముడిసరుకు ఎక్కడిది?

ఇక ఉతుకు. వాషింగ్ మెషీన్‌లో వేడి నీళ్లు, సబ్బు, కుదుపు మూడూ కలిస్తే పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుంటాయి. వెంట్రుకలు ముందుకే జరుగుతాయి, వెనక్కి రావు. బట్ట గిడసబారిపోతుంది, మళ్లీ సాగదు. చల్లనీళ్లలో ముంచి, పిండకుండా వత్తి, తీగ మీద వేలాడదీయకుండా నీడపట్టున పరచండి. చాల్ వరండాలో అంత చోటు ఎవరిస్తారన్నది పక్కింటివాళ్లతో తేల్చుకోవలసిన సంగతి.