మహమ్మారి దినములు – పీప్స్ దినచర్య

మహమ్మారి కాలమున మనుష్యుని మనస్సు సర్వదా భయమునందే మునిగియుండునని తలంచుట సరికాదు. భయము, సంతోషము, నిత్యకృత్యము అందు కలసియే నడచుచుండును. 1665లో లండను నగరమును ప్లేగు పీడించినపుడు, నౌకాదళ కార్యాలయోద్యోగియగు శామ్యూల్ పీప్స్ వ్రాసికొన్న దినచర్య యిందుకు సాక్ష్యము.

జూన్ 7వ తేదీన ఎఱ్ఱని సిలువ గుర్తు గల రెండు మూడిండ్లను చూచి యతడు కలతనొందెను; వాసన చూచుటకును నములుటకును పొగాకు కొనెను. సెప్టెంబరు 3వ తేదీన పట్టుదుస్తులతో క్రొత్త పెట్టుడు జుట్టును ధరించెను. కొన్నచోట ప్లేగు ఉండుటచే అంతవరకు దానిని ధరింప వెఱచెను. మృతుల వెండ్రుకలేమోయను శంకచే ఇకమీదట దానిని కొనువారుండరనియు తలపోసెను. సంవత్సరాంతమున మాత్రము, తానెన్నడును అంత ఉల్లాసముగా జీవింపలేదని వ్రాసికొనెను.

డేనియల్ డీఫో 1722లో ప్రకటించిన గ్రంథమునకును ఈ ప్లేగే వస్తువు. కాని 1665 నాటికి డీఫో పసివాడు. సేకరించిన విషయములను కల్పిత కథకునిచే చెప్పించెను. ఆ రచనకు ముగింపు ముందే తెలియును. పీప్స్‌కు మఱునాటి సంగతియే తెలియదు.

2020 నాటి కరోనా దినములలో మనవారు వ్రాసిన దినచర్యలను, లేఖలను పరిశోధించువారికి ఈ భేదము ముఖ్యము. అనంతర స్మృతి దుఃఖమునో ధైర్యమునో మిగిల్చి, అకాలమున కలిగిన నవ్వును సిగ్గుతో దాచును. తేదీ గల కాగితము దానిని దాచదు. కావున పరిశోధకుడును దానిని విడువరాదు.