తుడిస్తే చాలు... తోమొద్దు!

ఇంట్లో గిటారు ఉందా? దాని మెడ మీద నల్లగా పేరుకున్న జిడ్డు చూసి నిమ్మకాయో, స్పిరిటో, గిన్నెలు తోమే పీచో పట్టుకుని బయల్దేరుతున్నారా? ఒక్క నిమిషం ఆగండి. ఆ మురికి గిటారుకు చేసే చెరుపు తక్కువే. దాన్ని వదిలించాలన్న ఆరాటంలో మనం చేసే చెరుపే ఎక్కువ!

మా మేనమామది కాకినాడ. ఉద్యోగం బ్యాంకులో, ప్రాణం గిటారులో. పెళ్లయినా పుట్టినరోజైనా ఆ నల్ల పెట్టె లేకుండా వచ్చేవాడు కాదు. ఆయన పోయాక అత్తయ్య ఆ గిటారును మా అమ్మాయి చేతిలో పెట్టింది. ‘‘మీ తాతయ్యది... జాగ్రత్తమ్మా’’ అని ఒక్క మాటే అంది. ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే ఏముంది... తీగలు తుప్పు పట్టి ఉన్నాయి. మెడ మీద నల్లటి జిడ్డు అట్టకట్టింది.

ఆదివారం పూట ఖాళీగా ఉన్నాను కదా అని వంటింట్లోంచి స్టీలు పీచు, సబ్బునీళ్లు తెచ్చి మొదలుపెట్టాను. రెండు గళ్లు తోమేసరికి జిడ్డు పోయిన మాట నిజమే. దానితోపాటు చెక్క నునుపూ పోయింది. అడ్డంగా గీతలు పడ్డాయి. ఆరాక ఆ మేర తెల్లబారింది. ‘‘నాన్నా, తాతయ్య గిటారు పాడుచేసేశావు!’’ అంటూ మా అమ్మాయి ఏడుపు. గిటార్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి పరుగెత్తాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, ‘‘ఇంకా నయం బాబూ... రెండు గళ్లతో ఆపారు’’ అన్నాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవీ, ఆ తర్వాత తెలుసుకున్నవీ కలిపితే ఇదిగో ఈ నాలుగు మాటలు.

ఆ నలుపు మనదే!

గిటారు మెడ మీద వేళ్లు ఆడించే చెక్క పలకే ఫ్రెట్‌బోర్డు. దాని మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలు ఫ్రెట్లు. వీణలో మెట్లంటామే, అలాంటివే. వాయించే ప్రతిసారీ వేళ్ల చెమట, చర్మం మీది జిడ్డు, దుమ్ము, తీగల నుంచి రాలే లోహపు పొడి అక్కడ చేరతాయి. అన్నీ కలిసి కమ్మీల మొదట్లో గట్టిపడతాయి. కమ్మీల పక్కన ఆకుపచ్చగా కనిపించేది రాగి చిలుము. చాలా ఫ్రెట్లను నికెల్ సిల్వర్‌తో చేస్తారు. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి ఉండదు. రాగి, నికెల్, జింకుల మిశ్రమం అది.

ముందు చెక్కను చూడండి

తుడిచే ముందు తెలుసుకోవాల్సింది ఒక్కటే... చెక్క మీద పూత ఉందా, లేదా? ముదురు గోధుమ రంగులో ఉంటే సాధారణంగా రోజ్‌వుడ్. మన అడవుల్లో జిట్రేగి, ఇరుగుడు అని పిలిచే చెట్టూ ఈ జాతిదే. కారునలుపులో ఉంటే ఎబొని. బీడీ ఆకుల తునికి చెట్టుకు దగ్గర చుట్టం. ఈ రెండింటికీ మామూలుగా పూత వేయరు. లేత పసుపు రంగులో అద్దంలా మెరుస్తుంటే అది మేపుల్. దానికి సాధారణంగా వార్నిష్ లాంటి పూత ఉంటుంది.

పూత ఉన్నదానికి కొద్దిగా తడిపి గట్టిగా పిండిన మెత్తటి బట్ట, వెంటనే పొడిబట్ట... అంతే. పీచు తగిలితే మెరుపు పోతుంది. నూనె రాసినా లోపలికి ఇంకదు. చవక గిటార్లలో మామూలు చెక్కకే నల్లరంగు వేసి ఎబొనిలా చూపిస్తారు. అందుకే చివరి గడి మూల కొంచెం తుడిచి చూడండి. బట్టకు నల్లరంగు అంటుతూనే ఉంటే పొడిబట్టతోనే సరిపెట్టండి.

తీగలన్నీ ఒకేసారి తీయొచ్చా?

తీస్తే మెడ వంగిపోతుందని చాలామందికి భయం. తీగలన్నీ కలిసి మెడను 70 కిలోల దాకా బలంతో లాగుతుంటాయి కాబట్టి ఆ భయం ఊరికే పుట్టలేదు. అయితే మామూలు గిటారుకు ఓ గంటసేపు తీగలు లేకపోతే ఏమీ కాదు. ఒక్కసారిగా కత్తిరించకుండా మరలు తిప్పుతూ అన్నింటినీ కొంచెం కొంచెంగా వదులు చేసి తీయండి. కొన్ని రకాల్లో మాత్రం తీగల ఒత్తిడితోనే బ్రిడ్జి నిలబడి ఉంటుంది. వాటికి ఒక తీగ తీసి, తుడిచి, అది బిగించాకే రెండోది తీయాలి.

పని ఇలా కానివ్వండి

గిటారును టేబుల్ మీద మెత్తటి దుప్పటి పరిచి పడుకోబెట్టండి. మెడ కింద మడతపెట్టిన తువ్వాలు ఉంచండి. మొదట పొడిబట్టతో దుమ్ము దులపండి. మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో కమ్మీల వెంట మెల్లగా రుద్దితే సగం మురికి రాలిపోతుంది. మూలల్లో గట్టిపడినదాన్ని పళ్లు కుట్టుకునే పుల్లతోనో, గడువు తీరిన ఏటీఎం కార్డు అంచుతోనో గీకండి. చాకు, బ్లేడు వద్దు. ఆ తర్వాత పిండిన తడిబట్టతో ఓసారి, పొడిబట్టతో మరోసారి. నీళ్లు ఎప్పుడూ చెక్క మీద నేరుగా పోయకూడదు. కమ్మీలు దిగిన గాడుల్లోకి తడి చేరితే చెక్క ఉబ్బుతుంది.

అప్పటికీ వదలకపోతే? పూత లేని చెక్కకైతే నాలుగు సున్నాల స్టీల్ ఊల్ అని దొరుకుతుంది. దూదిలా ఉంటుంది. గిన్నెల పీచుకూ దానికీ పోలికే లేదు. దాంతో చెక్క చారల వెంట, నిలువుగా, తేలిగ్గా రుద్దాలి. ముందే గిటారు రంధ్రాన్ని కాగితంతో మూసేయండి. ఎలక్ట్రిక్ గిటారైతే పికప్‌లను టేపుతో కప్పండి. అవి అయస్కాంతాలు కాబట్టి ఉక్కు పొడిని లాగేసుకుంటాయి.

బాగుచేసేవాళ్లు కొందరు లైటర్ ఆయిల్ వాడతారు. అది చిటికెలో అంటుకునే ద్రవం. దీపం, అగరుబత్తి, పొయ్యి ఉండే ఇళ్లలో దాని జోలికి పోవద్దు. గోళ్లరంగు తీసే ద్రవమైతే పూతనూ, ప్లాస్టిక్ చుక్కలనూ కూడా తినేస్తుంది.

నిమ్మ నూనె అంటే నిమ్మరసం కాదు

‘లెమన్ ఆయిల్ రాయాలట’ అని విని నిమ్మకాయ పిండేవాళ్లున్నారు. ఫ్రెట్‌బోర్డు కోసమంటూ అమ్మే లెమన్ ఆయిల్ చాలావరకు మినరల్ ఆయిలే. నిమ్మ వాసన కలుపుతారంతే. నిమ్మరసంలోని ఆమ్లం కమ్మీలకు చేటు. కొబ్బరినూనె కొన్నాళ్లకు మక్కువాసన వేస్తుంది, దుమ్మునూ పట్టేస్తుంది. పూత లేని చెక్క మొత్తానికి ఫ్రెట్‌బోర్డు నూనె అయిదారు చుక్కలు చాలు. బట్ట మీద వేసి రాసి, అయిదు నిమిషాలాగి పూర్తిగా తుడిచేయాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి అక్కర్లేదు.

వేసవిలో, ఏసీ గదుల్లో చెక్క ఆరి అడ్డంగా కుంచించుకుపోతుంది. లోహం మాత్రం అలాగే ఉంటుంది. దాంతో కమ్మీల కొసలు బయటికొచ్చి వేళ్లకు గీసుకుంటాయి. అది మురికి కాదు, తేమ తక్కువైన గుర్తు. గిటారును వాడనప్పుడు పెట్టెలో ఉంచడమే మేలు.

వీణ ఉన్న ఇళ్లలో ఒక హెచ్చరిక. వీణ మీది 24 మెట్లూ నల్లమైనంలో నిలబెట్టి ఉంటాయి. నూనె, స్పిరిట్, ఎండ... ఏది తగిలినా మైనం చెడి మెట్లు కదిలిపోతాయి. దానికి పొడిబట్ట తప్ప ఏదీ వద్దు. మిగతాది వీణ చేసేవాళ్ల పని.

పోయేదేదో... ఉండేదేదో

ఈ చెక్క మళ్లీ తేలిగ్గా దొరికేదీ కాదు. రోజ్‌వుడ్ జాతి మొత్తాన్ని 2017లో అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో చేర్చారు. తయారైన వాద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చినా, చెక్క మీద నియంత్రణ అలాగే ఉంది. కాబట్టి ఉన్నదాన్ని కాపాడుకోవడమే తెలివి. మిరపకాయ బజ్జీ తిన్న చేతులు కడుక్కుని వాయించడం, వాయించాక తీగలను పొడిబట్టతో ఒక్కసారి తుడవడం... ఈ రెండూ చేస్తే పెద్ద శుభ్రం అవసరమే తగ్గిపోతుంది.

మా గిటారు సంగతంటారా? ఆ పెద్దాయన చెప్పినట్టే మిగతా గళ్లు నేనూ మా అమ్మాయీ ఓ సాయంత్రమంతా కూర్చుని తుడిచాం. నేను గీసిన గీతలు కొంత తగ్గాయి, పూర్తిగా పోలేదు. తుడుస్తుంటే మా అమ్మాయికి ఒక అనుమానం... ‘‘ఇదంతా తాతయ్య చేతి మురికే కదా నాన్నా. తుడిచేస్తే ఆయన గుర్తు పోదూ?’’ ఏం చెప్పాలో తోచలేదు. జిడ్డంతా వదిలాక మొదటి మూడు గళ్లలో, తీగల కింద, చెక్క కొద్దిగా గుంటలు పడి కనిపించింది. ఏళ్ల తరబడి మావయ్య వేళ్లు ఆనిన చోట్లవి. మా అమ్మాయి తన వేళ్లు అక్కడ ఆనించి చూసుకుంది.

ఆ గుంటలు ఎంత తుడిచినా పోవు. పీచు పెట్టి తోమితే మాత్రం పోతాయి!