అడవి పందికి కరెంటు తీగ... ప్రాణం మీదికి తెచ్చుకోకండి!

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళ. రాత్రంతా మంచె మీద కాపలా కాసిన రైతు తెల్లవారుజామున కాస్త కన్ను మూస్తాడు. లేచి చూసేసరికి అరెకరం చేను నేలమట్టం. అడవి పంది తినేది పిడికెడు, పాడు చేసేది పుట్టెడు. వేరుశనగయితే మొక్కల్ని వేళ్లతో పెళ్లగించి కాయలు నమిలేస్తుంది. అప్పు తెచ్చి వేసిన పంట అలా పోతే ఎవరికైనా కడుపు మండుతుంది. ఆ మంటలోనే కొందరు కరెంటు లైనుకు కొక్కేలు తగిలించి చేను చుట్టూ తీగ లాగుతున్నారు.

ఆ తీగకు పందీ మనిషీ తేడా తెలియదు. రాత్రిపూట నీళ్లు కట్టడానికొచ్చిన పక్క చేను రైతో, మేత మేసే గొడ్డో, ఒక్కోసారి తీగ కట్టిన రైతో బలవుతున్నారు. మనిషి పోతే పోలీసు కేసు, దాంతోపాటు కరెంటు చౌర్యం కేసు. పంది చచ్చినా కేసే!

చట్టం ఏమంటోంది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉచ్చు పన్నినా, విషం పెట్టినా, కరెంటు తీగతో చంపినా వేట కిందే లెక్క. 2022లో చేసిన సవరణలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. అడవి పంది ఇప్పుడు రెండో షెడ్యూలులో ఉంది. అనుమతి లేకుండా చంపితే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మొదటి షెడ్యూలులోని కృష్ణజింక, నెమలి జోలికెళితే శిక్ష ఇంకా పెద్దది.

మీదికొచ్చిన జంతువును ప్రాణం కాపాడుకోవడానికి చంపితే నేరం కాదని 11వ సెక్షను చెబుతోంది. పంట కోసం చంపానంటే మాత్రం చెల్లదు. అయితే అదే సెక్షనులో మరో దారి ఉంది. పంటకు ముప్పుగా మారిన అడవి పందిని ఫలానా చోట వేటాడేందుకు రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ, ఆయన అధికారమిచ్చిన వారు గానీ రాతపూర్వకంగా అనుమతించవచ్చు. అలా చంపిన పంది ప్రభుత్వ ఆస్తి. మాంసం పంచుకుంటే మళ్లీ నేరమే.

రైతు చేయాల్సిన పని

నష్టం చూసిన రోజే జాడలు చెరపకుండా ఫొటోలు తీయండి. సర్వే నంబరు, పంట, పోయిన విస్తీర్ణం రాసి అటవీ రేంజి కార్యాలయంలో అర్జీ ఇవ్వండి. నకలు వ్యవసాయాధికారికి ఇచ్చి, రెండుచోట్లా రసీదు తీసుకోండి. నష్టపరిహారానికి ఒకటి, పందుల అదుపునకు ఒకటి వేర్వేరుగా రాయండి. రెండోదానిపై ఊరి రైతులంతా సంతకాలు చేస్తే బలం.

ఫసల్ బీమాలో వన్యప్రాణుల నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. 72 గంటల్లోగా పంటల బీమా యాప్‌లో ఫొటోలతో తెలపాలన్నది నిబంధన. మీ జిల్లాకు, మీ పంటకు అది వర్తిస్తుందో లేదో బీమా కట్టే ముందే అడిగి తెలుసుకోండి.

చేను చుట్టూ ఏం చేయాలి?

మొక్కజొన్న చుట్టూ నాలుగు వరుసలు ఆముదం, వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ ఒత్తుగా వేస్తే పందుల రాక తగ్గుతుంది. సోలారు కంచె విదిలించి కొడుతుందే తప్ప చంపదు. అయితే దానికి ప్రమాణాలున్న యంత్రమే వాడాలి, లైను కరెంటు నేరుగా కలపకూడదు. ఒక్కరు వేసుకుంటే పందులు పక్క చేలో పడతాయి. పదిమంది కలిసి వేసుకుంటే ఖర్చూ తగ్గుతుంది, కాపలా వంతులూ కుదురుతాయి.

పోయిన పంట మళ్లీ వేసుకోవచ్చు. తీగకు తగిలి పోయిన మనిషిని ఎవరు తెస్తారు?