తేనెపెట్టెలోని బంక, దాని యారోగ్యోపయోగములు

తేనెపెట్టెలు పెట్టుకొనిన మన సభ్యులు, మూత తెఱచునప్పుడు చట్రముల చివరలకు అంటుకొనియుండు గోధుమవన్నె బంకను గీకి పాఱవైచుట వాడుక. ఇప్పుడా బంకయే చిన్న సీసాలలో ద్రావకముగా పట్టణపు దుకాణములలో అమ్ముడుపోవుచున్నది. అది చూచి "మేము పాఱవైచినది మందా?" యని కొందఱు మమ్మడుగుచున్నారు. మఱికొందఱు అడుగకయే సీసా కొని గాయములకును, దగ్గునకును, మధుమేహమునకును వాడుచున్నారు. ఈ బంక పనికిమాలినదియు గాదు, సర్వరోగనివారిణియు గాదు. ఎంతవఱకు నమ్మదగునో యిచట వ్రాయుచున్నాము.

దీనికి ప్రోపోలిస్ అని పేరు. గ్రీకుభాషలో 'పట్టణమునకు ముందు' అని యర్థము. ఈగలు తమ వాకిలిని దీనితో ఇఱుకు చేసికొనుటబట్టి యా పేరు వచ్చినదందురు. మైనము ఈగ కడుపుక్రింది గ్రంథులనుండి పుట్టును గాని యీ బంక అట్లు పుట్టదు. చెట్ల మొగ్గలనుండియు, బెరడు గాట్లనుండియు కాఱు జిగురును ఈగ కొఱికి, పుప్పొడి తెచ్చినట్లే వెనుకకాళ్ల బుట్టలలో నింపుకొని వచ్చును. తెచ్చిన యీగ దానిని తనంతట దింపుకొనజాలదు. తోడి యీగలు కొంచెము కొంచెముగా కొఱికి లాగి, మైనము కలిపి పనికి వాడును. మొత్తముమీద నూటికి 50 పాళ్లు చెట్ల జిగురు, 30 పాళ్లు మైనము, 10 పాళ్లు సుగంధతైలములు, మిగిలినది పుప్పొడియు నితరములు నని లెక్క. చెట్టునుబట్టియు ఋతువునుబట్టియు ఇది మాఱుచుండును.

అన్ని జాతుల యీగలును బంక కూర్చవని మొదట గ్రహింపవలయును. మన తొఱ్ఱలలోను పుట్టలలోను పట్టు దేశవాళి యీగ దీని జోలికి పోదు. కావున దేశవాళి పెట్టెలవారు బంక దొరకలేదని వగవ బనిలేదు. 1962లో నేటి హిమాచల ప్రదేశములోని నగ్రోటా బగ్వాన్ వద్ద మన దేశమున మొదట నిలద్రొక్కుకొనిన ఐరోపా జాతి యీగయే దీనిని విరివిగా కూర్చును. కుట్టని చిట్టి తేనెటీగ తన మైనములో జిగురు కలిపియే తేనెకుండలు కట్టును. దాని మైనము నల్లబడి యుండుటకు ఇదియే కారణము. పొదలలో పట్టు పెట్టు జుంటీగయు కొమ్మకు ఇరుప్రక్కల జిగురు పట్టీ పూసి చీమలను రానీయదు. చీమల బాధ యెఱిగిన మనకు ఆ తెలివి మెచ్చుకొనదగినదే.

ఈగలకు ఈ బంక సున్నమును, సిమెంటును, మందును గూడ. పెట్టెలో 6 మిల్లీమీటర్లకు లోబడిన సందులను దీనితో పూడ్చివైచును. బల్లియో, ఎలుకయో పెట్టెలో దూఱి చచ్చినయెడల ఈగలు దానిని బయటికి ఈడ్వలేవు. అప్పుడు దానికి బంక పూసి, కుళ్లి కంపుకొట్టకుండ చేయును. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున మార్లా స్పివాక్ మున్నగువారు 2009లో ప్రకటించిన పరిశోధనలో, లోపల బంక పూతగల పెట్టెలలోని యీగలకు క్రిముల భారము తగ్గియుండినట్లు తేలినది. కనుక గోడలమీది పూతను నున్నగా గీకివేయుట శుభ్రత యనుకొనరాదు. చట్రములు కదలుటకు అడ్డమైనంతవఱకే తీయవలయును.

ఇక మనుష్యుల సంగతి. చెట్ల జిగురును మందుగా వాడుట మనకు క్రొత్త గాదు. గుగ్గిలము, సాంబ్రాణి మన యింట నున్నవే. బైబిలులోను గిలాదు గుగ్గిలము ప్రసక్తి కలదు. ప్రయోగశాలలో ఈ బంక ద్రావకము చీముపుట్టించు కొన్ని క్రిములను, కొన్ని బూజు జాతులను అణచుననుట నిజము. నోటిపూతకును, పెదవులమీది జ్వరపు పొక్కులకును, చిగుళ్ల వాపునకును పూతగానో పుక్కిలింతగానో వాడి చూచిన పరీక్షలలో కొంత మేలు కనబడినది. అయితే వానిలో ననేకము కొలదిమందిపై జరిపిన చిన్న పరీక్షలు. మఱొక చిక్కును గలదు. ఐరోపాలోని బంక పోప్లార్ మొగ్గలది, బ్రెజిలులోని ఆకుపచ్చ బంక బాకారిస్ అను పొదది. ఒకదానికి కనబడిన గుణము రెండవదానికుండునని చెప్ప వీలులేదు. మన చేలగట్లమీది చెట్ల బంకకు వారి పరీక్షలు సాక్ష్యము గానేరవు. ఐరోపా సమాజపు ఆహార రక్షణ సంస్థ, ప్రోపోలిస్‌పై అమ్మకందారులు కోరిన యారోగ్య ప్రకటనలకు తగిన యాధారము లేదని 2010లో తీర్పు చెప్పినది. సీసామీది చీటీని చదువునప్పుడు దీనిని జ్ఞప్తియందుంచుకొన గోరుచున్నాము.

మాకు మిక్కిలి భయము కలిగించునది గాయముల విషయము. కొడవలి తెగినను, మేకు గ్రుచ్చుకొనినను, ధనుర్వాతమును ఆపునది బంక గాదు, సూదిమందు. గాయమును సబ్బునీటితో కడిగి వెంటనే ఆరోగ్యకేంద్రమునకు పోవలయును. మేము తిరుగు గ్రామములలో నొక పెద్దకు మధుమేహమువలన కాలివ్రేలికి పుండు పడినది. ఆయన కట్టు కట్టించుకొనుట మాని మూడు వారములు సీసామందునే నమ్ముకొనెను. తుదకు వ్రేలు తీసివేయవలసి వచ్చినది. పట్టిన బురదతోనే పొలములో తిరుగు మనకు ఇది చిన్న నష్టమా? చక్కెర కొంచెము తగ్గినట్లు కొన్ని పరీక్షలు చెప్పుచున్నవి. అంతమాత్రమున వైద్యుడిచ్చు మాత్రలు మానుట ప్రాణముతో చెలగాటము.

కొందఱి చర్మమునకు ఈ బంక పడదు. ఎఱ్ఱని దద్దురులు, దురద, పొక్కులు లేచును. పెట్టెలు చూచుకొనువారి చేతులకే యిది హెచ్చుగా వచ్చుచుండును. ఉబ్బసము గలవారును, తేనెటీగ సరకులు పడనివారును దీనిని ముట్టకుండుట మేలు. గర్భిణులకును, పసిబిడ్డలకును వైద్యుని యడుగక ఇయ్యరాదు.

పెట్టెలనుండి తీసి అమ్మదలచువారికి రెండు మాటలు. చెట్ల జిగురు దొరకనప్పుడు ఈగలు రోడ్డు తారును, ఆరని రంగును గూడ తెచ్చి వాడును. రంగులోని సీసము, పురుగులను చంపుటకు పెట్టెలో పెట్టిన మందు, రెండును బంకలో నిలిచిపోవును. కాబట్టి పెట్టెలకు లోపల రంగు వేయరాదు. మందు పెట్టిన కాలపు బంకను అమ్మరాదు. వేసవిలో బంక మెత్తబడి చేతికి సాగును, చలికి పెళుసెక్కును. చలికాలపు ఉదయమున గీకిన మైనమును చెక్కపొట్టును కలియకుండ వచ్చును. సన్నని చీలికలుగల ప్లాస్టిక్ వలను మూతక్రింద పఱచినయెడల ఈగలు ఆ చీలికలను పూడ్చును. వలను మంచుపెట్టెలో నుంచి నులిమినచో బంక పొడిపొడిగా రాలును. ఏటికి పెట్టెకు వచ్చునది గ్రాములలోనే గాని వీసెలలో గాదు. ఒక్కొక్కరు పట్టణమునకు మోసికొనిపోవుటకన్న, సంఘము కూర్చి, సీసమును పురుగుమందులను ప్రయోగశాలలో చూపించి, ముడిసరకుగా అమ్ముట లాభము. ఇంట ద్రావకము కాచి మందని చీటీ యంటించి అమ్ముట మాత్రము వలదు. 1940వ సంవత్సరపు ఔషధ చట్టము ప్రకారము మందు తయారుచేసి అమ్ముటకు లైసెన్సు కావలయును. గీకిన బంకను శుభ్రమైన గాజుసీసాలో నుంచి, వెలుతురు తగులనిచోట దాచి, సీసాపై పెట్టె గుర్తును తీసిన తేదీని వ్రాసి యుంచుడు.