హారం లేని అంకెలు

2021 జనవరి చివరి వారంలో మయన్మార్ దేశమంతటా దినమునకు సగటున 17 వేలకు పైగా కోవిడ్ పరీక్షలు జరిగాయి. సుమారు 420 మందికి వ్యాధి సోకినట్లు తేలేది. ఫిబ్రవరి 8వ తేదీన ప్రకటించిన రోగుల సంఖ్య కేవలం 4. పది పదిహేను రోజులలో ఒక మహమ్మారి ఇంతగా శాంతించగలదా?

శాంతించలేదు. ఫిబ్రవరి 1న సైన్యం అధికారాన్ని చేజిక్కించుకొన్నది. నిరసనగా వైద్యులు, నర్సులు వేలాదిగా ప్రభుత్వ ఆసుపత్రులలో విధులు మానివేశారు. ఫిబ్రవరి 8న జరిగిన పరీక్షలు 2 వేలకన్న తక్కువ. తగ్గినది వ్యాధి కాదు, దానిని చూచే కన్ను.

చిన్ననాడు బడిలో భిన్నాలు నేర్చుకొన్నప్పుడు పైనున్నది లవమనీ, క్రిందిది హారమనీ చదువుకొన్నాము. పత్రికలలోనూ, దూరదర్శన్‌లోనూ, ఇప్పుడు చేతిలోని ఫోనులోనూ మన కంటపడేది చాలావరకు లవమే. హారం ఎవరూ చెప్పరు. పై ఉదాహరణలో మరొక సూక్ష్మం ఉన్నది. పరీక్షలు సుమారు తొమ్మిదవ వంతుకు పడిపోతే, రోగుల సంఖ్య నూరవ వంతుకు పడిపోయింది. రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గలేదు. అంటే ఎందరిని పరీక్షించారన్నదే కాక, ఎవరిని పరీక్షించారన్నది కూడా మారి ఉండాలి.

అదే సంవత్సరం జూలైలో డెల్టా రకం వైరస్ విజృంభించినప్పుడు నూటికి 30కి పైగా పరీక్షలలో వ్యాధి బయటపడింది. వ్యాధి అదుపులో ఉన్నదనటానికి ఈ నిష్పత్తి 5 లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే సూచించింది. నూటికి 30 అంటే, పరీక్షకు అందని రోగులు ఇంకెందరో ఉన్నారని అర్థం. యాంగోన్‌లో ఖాళీ సిలిండర్లతో ఆక్సిజన్ కర్మాగారాల ముందు బారులు తీరినవారి ఇళ్ళలో ఉన్నది అటువంటి రోగులే. ఎందరో ఇంటి మంచం మీదనే కన్నుమూశారు. ప్రకటించిన మరణాల లెక్క ప్రధానంగా ఆసుపత్రులకు చేరినవారిది. ఆ రోజులలో దేశం మొత్తానికి దినమునకు మూడు నాలుగు వందల మరణాలు ప్రకటిస్తూండగా, యాంగోన్‌లో 10 కొత్త దహనవాటికలు నిర్మిస్తామనీ, వాటితో దినమునకు 3,000 శవాలను దహనం చేయవచ్చుననీ అధికారులే తెలిపారు. సామర్థ్యం వేరు, మరణాల సంఖ్య వేరు. అయినా ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినవారికి కలిగే సందేహం సహేతుకమే. నేటికీ అధికారిక లెక్కలో ఆ దేశపు కోవిడ్ మరణాలు 19 వేల పైచిలుకు మాత్రమే.

ఇది యాంగోన్‌కు కొత్త కాదు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చేనాటికి బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. గోదావరీ తీరపు కోరంగి రేవు పేరిట 'కోరంగీలు' అని పిలువబడిన మనవారు రంగూన్ నౌకాశ్రయంలో మూటలు మోస్తూ, వీధులలో రిక్షాలు లాగుతూ జీవించిన కాలమది. ఆ వ్యాధికి భారతదేశంలో సుమారు 60 లక్షల మంది బలియైనారని ప్రభుత్వం మొదట అంచనా వేసింది. 1921 జనగణన తరువాత అది రెట్టింపై కోటీ 20 లక్షలు దాటింది. మిల్స్ అనే పరిశోధకుడు 1986లో ప్రచురించిన వ్యాసంలో అది కోటీ 70 లక్షలకు పైబడింది. చనిపోయినవారు పెరగలేదు, లెక్కించే పద్ధతి మెరుగుపడింది, అంతే.

ఆ పద్ధతినే నేడు 'అదనపు మరణాలు' అంటున్నారు. ఫలానా వ్యాధితో ఎందరు పోయారని అడగరు. మామూలు సంవత్సరంలో ఎందరు పోయేవారు, ఈ సంవత్సరం మొత్తం ఎందరు పోయారు, తేడా ఎంత, అని చూస్తారు. మరణ కారణం వ్రాసే వైద్యుడు లేకపోయినా ఈ లెక్క నిలుస్తుంది. ఈ విధంగా 2020, 2021 సంవత్సరాలకు భారతదేశంలో 47 లక్షల అదనపు మరణాలు సంభవించాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో అంచనా వేసింది. ప్రభుత్వ లెక్క 4 లక్షల 80 వేలు. భారత ప్రభుత్వం ఆ గణన పద్ధతిని తీవ్రంగా ఆక్షేపించింది. 2025లో వెలువడిన జనన మరణాల నమోదు నివేదిక ప్రకారం 2020లో నమోదైన మరణాలు 81 లక్షలు, 2021లో కోటీ 2 లక్షలు. నమోదు మెరుగుపడినందువలన కొంత పెరుగుదల ఉండవచ్చు, కాని ఒక్క ఏడాదిలో 21 లక్షల తేడాకు అది ఒక్కటే కారణమని నమ్మటం కష్టం.

ఇక వదంతుల సంగతి. 2020లో మయన్మార్‌లో ఒక నిమ్మకాయ, మూడు తాటి విత్తనాలు తింటే కోవిడ్ రాదని ఒక భిక్షువు చెప్పినట్లు ప్రచారం జరిగింది. మనవారు నవ్వుకోనక్కరలేదు. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందుకై వేలాది జనం తోసుకొని వచ్చారు. కంటి చుక్కలతో కోలుకొన్నానని ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చెప్పిన దృశ్యం దేశమంతా తిరిగింది. కొద్దిరోజులకే ఆయన ఆసుపత్రిలో మరణించారు. మే 31న ప్రభుత్వం కంటి చుక్కలు మినహా మిగిలిన మందులకు అనుమతి ఇచ్చింది; వాటితో వ్యాధి నయమవుతుందనటానికి మాత్రం ఆధారం లేదన్నది. కోవిడ్ సోకినవారిలో అత్యధికులు ఏ మందూ లేకుండానే కోలుకొంటారు. కనుక కోలుకొన్న వందమంది సాక్ష్యం కూడా లవమే. మందు తిన్నవారందరూ ఎందరు, తిననివారిలో ఎందరు కోలుకొన్నారు, అన్నది హారం.

పట్టభద్రులైన శాస్త్రజ్ఞులకూ ఈ పొరపాటు తప్పలేదు. 2020 మార్చిలో ఫ్రాన్సు దేశంలో 26 మందికి హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇచ్చి, అద్భుత ఫలితం కనబడినదని ప్రకటించారు. అయితే లెక్కలోకి తీసుకొన్నది 20 మందినే. విడిచిపెట్టిన ఆరుగురిలో ఒకరు మరణించారు, ముగ్గురు అత్యవసర చికిత్సకు చేరారు! తరువాత బ్రిటన్‌లో వేలాది రోగులపై జరిపిన పరీక్షలో ఆ మందు తీసుకొన్నవారిలో నూటికి 27 మంది, తీసుకోనివారిలో నూటికి 25 మంది మరణించారు. ఫ్రెంచి వ్యాసాన్ని 2024 డిసెంబరులో ఉపసంహరించారు.

1918 నాటి లెక్కను సరిదిద్దినది జనగణన. యాంగోన్ విషయంలో ఆ ఆశ కూడా సన్నగిల్లింది. 2024లో జరిగిన జనగణనలో ఆ దేశపు 5 కోట్ల 13 లక్షల జనాభాలో కోటీ 91 లక్షల మందిని నేరుగా లెక్కించలేక అంచనాతో సరిపెట్టారు. మిగిలినది మరొక మార్గం. 2022 జనవరిలో 'సైన్స్' పత్రికలో వెలువడిన పరిశోధనకై భారతదేశంలో లక్షా 37 వేల మందిని ఫోనులో పలుకరించి, మీ ఇంట ఎవరైనా మరణించారా, ఎప్పుడు, అని అడిగి, 32 లక్షల కోవిడ్ మరణాలను అంచనా వేశారు. యాంగోన్‌లో నేడో రేపో ఎవరైనా అటువంటి ప్రశ్న అడిగితే, 2021 జూలై, ఆగస్టు నెలలలో ఆసుపత్రికి చేరకుండా పోయిన తాతగారి, మామ్మగారి పేరు, వయస్సు, తేదీ చెప్పగలిగినది ఆ ఇంటివారే.